యాభై నాలుగేళ్ళకి కరాటేనా, కర్రసామా? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి

గోదారిగట్టు | జూన్ 9, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నా వయసు 54. రాజమండ్రిలో జూనియర్ కాలేజీ పిల్లలకి లెక్కలు చెబుతాను. షుగర్ వచ్చి ఏడేళ్ళయింది, మాత్రలతో అదుపులోనే ఉంది. మెట్లు దిగేటప్పుడు ఎడమ మోకాలు నొప్పెడుతుంది. రెండేళ్ళ కిందట కుడి భుజం పట్టేసింది. ఎనిమిది నెలల పాటు చొక్కా తొడుక్కోవడానికి కూడా మా ఆవిడ సాయం పట్టాల్సి వచ్చింది. ఇప్పుడు చెయ్యి పైకి లేస్తోంది.

నా పదిహేనో ఏట మా ఊళ్ళో కరాటే క్లాసు పెట్టారు. సుమన్, భానుచందర్‌ల రోజులవి. బ్రూస్ లీ బొమ్మ లేని మంగలి షాపు ఉండేది కాదు. ఫీజు నెలకి ఇరవై రూపాయలు. నాన్నగారు "వచ్చే నెల చూద్దాంరా" అన్నారు. ఆ వచ్చే నెల రానే లేదు. ఇంటి పరిస్థితి నాకూ తెలుసు, మళ్ళీ అడగలేదు. హైస్కూలు వరండాలో కిటికీ దగ్గర నిలబడి వాళ్ళు వేసే అడుగులు చూసి, ఇంటికొచ్చి దొడ్లో వేసేవాణ్ణి.

ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, కిందటి నెల రేవు మెట్ల మీద నాచుకి కాలు జారింది. అరచెయ్యి ఆనించి పడ్డాను. మణికట్టు బెణికి మూడు వారాలు బోర్డు మీద రాయలేకపోయాను. ఎముక విరగలేదు, అదే పదివేలు. కానీ ఆ క్షణం మాటిమాటికీ కళ్ళ ముందుకొస్తోంది. పడుతున్నానని మనసుకి తెలుస్తోంది, ఏం చెయ్యాలో ఒంటికి తెలియలేదు.

ఏదో ఒక విద్య మొదలుపెట్టాలని గట్టిగా అనుకుంటున్నాను. మా ఇంటికి దగ్గరలో ఉన్నవి: సాయంత్రం స్కూలు గ్రౌండులో కరాటే (అందరూ పిల్లలే), ఒక తైక్వాండో క్లాసు, స్టేడియం వైపు జూడో, పొద్దున్నే గోదారి ఒడ్డున కర్రసాము నేర్పే ఒక పెద్దాయన. ఆయనకి డెబ్బై దాటి ఉంటాయి. యూట్యూబులో తైచీ చూసి చేద్దామా అని కూడా ఉంది. నా ఒంటికి ఏది సరిపోతుంది? అసలు ఈ వయసులో మొదలుపెట్టొచ్చా?

షోటోకాన్_గుంటూరు | జూన్ 9, రాత్రి 10:55

మాస్టారూ, ముందు ఒక సంగతి చెప్తాను. షోటోకాన్ కరాటేకి మూలపురుషుడు గిచిన్ ఫునకోషి. 1868లో ఒకినావాలో పుట్టారు, చిన్నప్పుడు బాగా నలతగా ఉండేవారట. బడిపంతులుగా బతికారు, మీలాగే. 1922లో టోక్యో వచ్చి కరాటే ప్రదర్శన ఇచ్చేనాటికి ఆయనకి యాభై మూడు నిండి యాభై నాలుగు నడుస్తోంది. అక్కడే ఉండిపోయి, విద్యార్థుల హాస్టల్లో వాకిళ్ళు ఊడుస్తూ, తోటపని చేస్తూ కరాటే నేర్పారు. ఈ రోజు దేశదేశాల్లో ఉన్న షోటోకాన్ అంతా ఆ తర్వాత వచ్చిందే. షోటో అనేది ఆయన కలం పేరు. పైన్ చెట్ల మీదుగా గాలి వీచినప్పుడు వచ్చే హోరు అని అర్థం. మా బాపట్ల వైపు సరుగుడు తోటల్లో సాయంత్రం పూట నిలబడితే ఆ పేరు ఎందుకు పెట్టుకున్నారో నాకు అర్థమవుతుంది.

ఆయన చిన్నప్పటి నుంచీ చేశారు, మీరు ఇప్పుడు మొదలుపెడతారు. తేడా ఉంది, కాదనను. కానీ నాది 30 ఏళ్ళ సాధన, మా క్లాసులో యాభై దాటాక తెల్లబెల్టు కట్టినవాళ్ళని నలుగురిని చూశాను. ముగ్గురు ఇప్పటికీ వస్తున్నారు.

మీ మోకాలికి ఒక జాగ్రత్త. షోటోకాన్‌లో నిలబడే భంగిమలు పొడుగ్గా, కిందకి ఉంటాయి. పిల్లల్లా అంత కిందకి దిగొద్దు. ముందు కాలి మోకాలు పాదం వేళ్ళ దిక్కుకే చూడాలి, లోపలికి వాలకూడదు. మోకాళ్ళు పాడయ్యేది ఎక్కువగా అక్కడే. గోజూర్యూ అనే ఇంకో కరాటే శైలి దొరికితే అందులో నిలబడే ఎత్తు ఎక్కువ, అడుగు చిన్నది. మీకు అది నయం. మొదటి కతా (ఒంటరిగా వరసగా వేసే కదలికల పాఠం) హేయాన్ షోదాన్‌లో 21 కదలికలుంటాయి. అది నింపాదిగా, తప్పుల్లేకుండా వెయ్యడానికే ఆరు నెలలు తీసుకోండి. కుర్రాళ్ళతో స్పారింగ్ మాత్రం వద్దు. ఆ మాట మొదటి రోజే మాస్టారికి చెప్పండి.

వరంగల్_ఫిజియో | జూన్ 10, ఉదయం 6:20

సార్, ఏ విద్య అన్నది తర్వాత. మీరు రాసిన మూడు ముక్కల్లో మూడు విషయాలు కనిపిస్తున్నాయి. నేను రోజూ చూసే పేషెంట్లు ఇలాగే వస్తారు కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

షుగర్ ఏడేళ్ళు అన్నారు. కరాటే, జూడో, తైక్వాండో అన్నీ ఒట్టి కాళ్ళతో చేసేవి. పాదాల్లో స్పర్శ ఎలా ఉందో పరీక్ష చేయించుకోండి. సన్నటి నైలాన్ పోగుతో అరికాలు తాకి చూస్తారు, రెండు నిమిషాల పని. స్పర్శ తగ్గి ఉంటే గ్రౌండులో రాయి గుచ్చుకున్నా తెలియదు, ఆ పుండు మానదు. క్లాసు అయ్యాక రోజూ అరికాళ్ళు చూసుకోవడం అలవాటు చేసుకోండి. కంటి రెటీనా పరీక్ష కూడా తప్పనిసరి. రెటీనాలో రక్తనాళాలు దెబ్బతిని ఉంటే కుదుపులు, దొర్లడాలు, తల కిందకి పెట్టడాలు మంచివి కావు.

మాత్రల్లో గ్లిమెపిరైడ్ లాంటిది ఉందా? ఉంటే పొద్దున్నే పరగడుపున గంటసేపు చెమటోడిస్తే షుగర్ పడిపోవచ్చు. డాక్టరుతో మాట్లాడండి. జేబులో గ్లూకోజ్ పొట్లం ఉంచుకోండి.

భుజం పట్టేయడం షుగర్ ఉన్నవాళ్ళకి ఎక్కువ, రెండో భుజానికి కూడా రావచ్చు. అందుకే భుజాన్ని కదుపుతూ ఉండే విద్య మీకు మేలే, నొప్పి గీత దాటనంత వరకూ. బీపీ ఉంటే ఊపిరి బిగబట్టి కండరాలు బిగించే సాధనలు వద్దు. గుంటూరు అన్న చెప్పిన గోజూర్యూలో సాంచిన్ అనే కతా ఉంటుంది, అందులో బిగింపు చాలా ఎక్కువ. అది వదిలి మిగతావి చేసుకోవచ్చు. ఛాతీలో బరువు, ఆయాసం ఎప్పుడైనా వచ్చి ఉంటే ట్రెడ్‌మిల్ పరీక్ష అయ్యాకే గ్రౌండులో అడుగుపెట్టండి.

వారానికి రెండు మూడు రోజులు చాలు. ఇరవై ఏళ్ళప్పుడు రాత్రికి రాత్రి కోలుకునే కండరం ఇప్పుడు రెండు రోజులు అడుగుతుంది.

బెజవాడ_అక్క | జూన్ 10, మధ్యాహ్నం 2:15

నేను ఇది చదివి ఊరుకోలేక రాస్తున్నాను. నాకు 47వ ఏట మా అమ్మాయితో పాటు తైక్వాండోలో చేరాను. ఊరు, క్లాసు పేరు రాయను. మొదటి నెల చాలా ఆనందంగా గడిచింది. పిల్లలు "ఆంటీ, కాలు ఇంకాస్త పైకి" అంటుంటే వాళ్ళతో పోటీపడి లేపేదాన్ని.

రెండో నెలలో ఒక రోజు నేల మీద కాళ్ళు చాపి వంగుతున్నాం. నేర్పే అబ్బాయికి పాతికేళ్ళుంటాయి. వెనక నుంచి వచ్చి నా వీపు మీద రెండు అరచేతులు పెట్టి "ఇంకా వంగుతారు మేడమ్" అని ఒక్కసారి నొక్కాడు. తొడ వెనక టప్‌మని చప్పుడు. నాకే కాదు, పక్కన కూర్చున్న మా అమ్మాయికి కూడా వినపడింది. తొడ కండరం చిరిగింది. నాలుగు రోజులకి మోకాలి వెనక దాకా నల్లగా కమిలిపోయింది. మూడు నెలలు కుంటుతూ నడిచాను. ఆ అబ్బాయి చెడ్డవాడు కాదు, పిల్లల్ని అలాగే వంచుతాడు, వాళ్ళు వంగుతారు. పెద్దవాళ్ళ ఒళ్ళు వేరని అతనికి ఎవరూ చెప్పలేదు.

కాబట్టి మాస్టారూ, చేరేముందు ఒక రోజు పక్కన కూర్చుని క్లాసు చూడండి. వార్మప్ ఎన్ని నిమిషాలు చేయిస్తున్నారు? పావుగంట కంటే తక్కువైతే అనుమానించండి. నలభై దాటినవాళ్ళు ఒక్కరైనా ఉన్నారా? "నాకు నొప్పిగా ఉంది" అని ఒక పిల్లాడు అంటే నేర్పేవాడు ఏమంటున్నాడు? ఈ మూడూ చూస్తే మీకు తెలిసిపోతుంది. తైక్వాండో మంచి విద్యే, మా అమ్మాయి ఇప్పటికీ చేస్తోంది. కానీ అందులో ఎత్తు తన్నులు, ఒంటికాలి మీద గిర్రున తిరగడాలు ఎక్కువ. మోకాలు నొప్పి ఉన్నవాళ్ళకి మొదటి విద్యగా నేను చెప్పను.

శేషగిరి_నెల్లూరు | జూన్ 10, సాయంత్రం 5:30

అయ్యా, మీ కోరిక అర్థమైంది. మా తమ్ముడు ఇలాగే 52 ఏళ్ళప్పుడు ఉత్సాహంగా ఫుట్‌బాల్ ఆడి మడమ నరం తెంపుకున్నాడు. రోజూ గంట నడిస్తే షుగర్‌కీ గుండెకీ మంచిదని డాక్టర్లే అంటున్నారు కదా. ఇంట్లో ఆడవాళ్ళని ఆందోళన పెట్టడం దేనికి? నడక చాలదా?

గోదారిగట్టు | జూన్ 10, రాత్రి 9:05

శేషగిరి గారూ, మీ మాటలో ఉన్న అభిమానం తెలుస్తోంది. నేను రోజూ నడుస్తాను, ఆరేళ్ళుగా మానలేదు. రేవు మెట్ల మీద పడింది కూడా నడకకి వెళ్ళినప్పుడే. నడకలో కాలు ముందుకే పడుతుంది. పక్కకి తూలినప్పుడు, వెనక్కి జారినప్పుడు ఏం చెయ్యాలో ఆరేళ్ళ నడక నాకు నేర్పలేదు.

ఇంకొకటి దాచుకోకుండా చెప్తాను. లెక్కల మాస్టారుగా ముప్పై ఏళ్ళుగా నేను నేర్పేవాణ్ణే. నేర్చుకునేవాడిగా ఒక గురువు ముందు నిలబడి చాలా కాలమైంది. అది కావాలనిపిస్తోంది.

ఫిజియో గారూ, గ్లిమెపిరైడ్ ఉంది. రేపే డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను. కళ్ళు, పాదాలు కూడా చూపిస్తాను.

కాకినాడ_జూడో | జూన్ 10, రాత్రి 11:10

మీరు రాసిన "పడుతున్నానని మనసుకి తెలుస్తోంది, ఒంటికి తెలియలేదు" అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. జూడోలో మొదటి పాఠమే అది.

జూడోకి మూలపురుషుడు జిగొరో కనో 1882లో టోక్యోలో ఒక గుడిలో పన్నెండు చాపలు పరిచి కొడోకాన్ అనే జూడో బడి మొదలుపెట్టారు. ఆ రోజుల నుంచీ జూడోలో విసరడం కంటే ముందు పడటం నేర్పుతారు. ఉకెమి అంటారు. ఎలాగో చెప్తాను, ఇంట్లో మాత్రం ప్రయత్నించకండి, మందపాటి మ్యాట్, పక్కన నేర్పేవాళ్ళు ఉండాలి.

మొదట వెల్లకిలా పడుకుంటారు. గడ్డం ఛాతీకి ఆనించి, చూపు బెల్టు ముడి మీద పెడతారు. అలా చూస్తే తల వెనక భాగం నేలకి తగలదు. చేతులు ఛాతీ మీద అడ్డంగా పెట్టుకుని, ఊపిరి వదులుతూ రెండు చేతులతో మ్యాట్‌ని చరుస్తారు. మోచెయ్యి నుంచి అరచెయ్యి దాకా మొత్తం ఒకేసారి తగలాలి, ఒంటికి కాస్త ఎడంగా, భుజమంత ఎత్తుకి పోకుండా. అరచెయ్యి ఒక్కటే ఆనితే బరువంతా మణికట్టు మీద పడుతుంది. మీకు జరిగింది అదే. ఇది వందల సార్లు చేశాక గొంతుక్కూర్చుని వెనక్కి దొర్లుతారు. ఆ తర్వాతే నిలబడి. నాకు 44లో మొదలుపెట్టినప్పుడు నిలబడి పడటానికి రెండు నెలలు పట్టింది. మొదటిసారి సరిగ్గా పడ్డప్పుడు వచ్చిన ఆ చప్పుడు, హాలంతా దద్దరిల్లే ఆ ఒక్క చరుపు, ఇప్పటికీ చెవిలో ఉంది.

స్వీడన్ లాంటి చోట్ల పెద్దవాళ్ళ కోసమే జూడోలోని ఈ పడే పద్ధతులతో ప్రత్యేకంగా తరగతులు నడుపుతున్నారు. అక్కడ విసరడాలు, పోటీలు ఉండవు. మీరూ మీ స్టేడియం కోచ్‌ని అడగండి: "నాకు ఉకెమి మాత్రం నేర్పండి, విసిరించుకోను." ఒప్పుకునే కోచ్‌లు ఉంటారు.

షోటోకాన్_గుంటూరు | జూన్ 11, ఉదయం 7:00

కాకినాడ అన్నతో ఒక్క విషయంలో నాకు పేచీ ఉంది. పడటం నేర్పడం వరకూ సరే. కానీ జూడో హాల్లోకి అడుగుపెట్టాక ఎవరో ఒక కుర్రాడు "రండి సార్, ఒక్క పట్టు" అంటాడు. కాదనడం కష్టం. 54లో ఒక్కసారి భుజం మీద పడితే మెడ కింది ఎముక పోతుంది. మొహమాటపడే స్వభావమైతే అటు వెళ్ళొద్దు.

కాకినాడ_జూడో | జూన్ 11, ఉదయం 7:45

ఆ భయం నిజమే, నేను కొట్టిపారెయ్యను. అందుకే ముందే కోచ్‌తో తేల్చుకోమన్నాను. ఎముకలు గుల్లబారి ఉన్నాయని తెలిసినవాళ్ళు అయితే ఉకెమి కూడా డాక్టరు అనుమతితోనే చెయ్యాలి. ముఖ్యంగా యాభై దాటిన ఆడవాళ్ళు ఎముకల సాంద్రత పరీక్ష చేయించుకున్నాకే.

ఫ్రీమాంట్_శారద | జూన్ 11, ఉదయం 10:30

నాకు 66. కాలిఫోర్నియాలో మా అబ్బాయి దగ్గర ఉంటాను. ఇక్కడికి వచ్చిన కొత్తలో మాట్లాడే దిక్కు లేక పొద్దున్నే పార్కుకి వెళ్ళేదాన్ని. అక్కడ చెరువు పక్కన ఇరవై మంది చైనా పెద్దవాళ్ళు తైచీ చేస్తూ కనిపించేవారు. వారం రోజులు బెంచీ మీద కూర్చుని చూశాను. ఎనిమిదో రోజు ఒక పెద్దావిడ వచ్చి చెయ్యి పట్టుకుని లేపింది. ఆవిడకి ఇంగ్లీషు రాదు, నాకు చైనా భాష రాదు. నా వెనక నిలబడి మోచేతులు పట్టుకుని కదిపింది, అంతే. నాలుగేళ్ళయింది.

మేం చేసేది 24 భంగిమల వరస. యాంగ్ శైలి నుంచి తీసి 1956లో చైనా ప్రభుత్వం సులువు చేసి కూర్చింది. మొత్తం ఆరు నిమిషాలు. "గుర్రం జూలు పాయలు తీయడం", "మబ్బుల్లాంటి చేతులు" అని పేర్లుంటాయి, ఎంత బాగుంటాయో. కంటికి నెమ్మదిగా కనిపిస్తుంది కానీ బరువంతా ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకి చుక్క చుక్కగా మారుతుంది. మొదట్లో తొడలు వణికేవి. పెద్దవాళ్ళు పడిపోవడం తైచీతో తగ్గుతుందని ఇక్కడ మా డాక్టరు కూడా చెప్పింది, దాని మీద చాలా పరిశోధనలు జరిగాయి.

మాస్టారూ, యూట్యూబులో మాత్రం వద్దు. తెరలో చూస్తే మోకాలు ఎటు వాలుతోందో మనకి తెలియదు. ఒక మనిషి చెయ్యి పెట్టి సరిచేస్తేనే తెలుస్తుంది.

పాతబస్తీ_తాలీం | జూన్ 11, రాత్రి 8:20

అన్నా, మా ఇంట్లో మూడు తరాలు కుస్తీ. తాలీంలో (కుస్తీ నేర్పే చోట) ఎర్రమట్టి తవ్వి, నూనె, పసుపు, మజ్జిగ కలిపి మెత్తగా చేస్తారు. ఆ మట్టి వాసనకి నేను ఇప్పటికీ మురిసిపోతాను. అయినా చెప్తున్నా, 54లో కుస్తీ మొదలుపెట్టొద్దు. మెడకి, నడుముకి పని ఎక్కువ. కానీ తాలీంలో ఒకటి మీకు పనికొస్తుంది: ముగ్దర్. చెక్క గద లాంటిది. రెండు కిలోలది తీసుకుని భుజం వెనక్కి తిప్పి ముందుకి తేవడం. మా నాయన 70లో కూడా దండీలు మానేసి ముగ్దర్ ఒక్కటే తిప్పేవాడు. పట్టేసిన భుజం అన్నారు కాబట్టి ఫిజియో అన్నని అడిగి చెయ్యండి.

బెంగళూరు_కిరణ్ | జూన్ 11, రాత్రి 10:40

46వ ఏట బ్రెజీలియన్ జియుజిత్సు అనే పట్టు విద్య మొదలుపెట్టాను, అందుకే రాస్తున్నాను. మంచి విషయం: నేల మీద కూర్చుని చేసేది ఎక్కువ, దెబ్బలు, తన్నులు ఉండవు, ఇబ్బంది అనిపిస్తే రెండు సార్లు తడితే అవతలివాడు వెంటనే వదిలేస్తాడు. వంటవాడు, రచయిత ఆంథొనీ బోర్డైన్ యాభైల చివర్లో ఇందులో చేరి, 2016లో న్యూయార్క్ పోటీల్లో తన వయసు వర్గంలో గెలిచాడు. కానీ నా వేళ్ళ కీళ్ళు, పక్కటెముకలు రెండుసార్లు దెబ్బతిన్నాయి. రాజమండ్రిలో మీ వయసువాళ్ళు తోడు దొరక్కపోతే ఇది వద్దు. తోడు దొరకడం ఇందులో సగం.

బొబ్బిలి_వాసి | జూన్ 12, ఉదయం 5:50

ఇంతమంది రాశారు, కర్రసాము గురించి ఒక్కరూ రాయలేదు. మా వైపు సాముగరిడీ అంటే పండగ. విజయనగరం జిల్లాలో ఊరికో గరిడీ (సాము నేర్పే చోటు) ఉండేదని మా తాత చెప్పేవాడు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు గారు విజయనగరంలోనే కసరత్తు నేర్చి, గుండెల మీద ఏనుగుని నిలబెట్టుకుని దేశమంతా పేరు తెచ్చుకున్నారు. విశాఖ బీచ్ రోడ్డులో ఆయన విగ్రహం ఉంది. ఆ గరిడీల్లో కర్ర, కత్తి, దండీలు, బస్కీలు అన్నీ నేర్పేవారు. ఇప్పుడు చాలా ఊళ్ళలో అమ్మవారి పండగకి, దసరాకి మాత్రమే కర్రలు బయటికొస్తాయి. మీ గోదారి ఒడ్డున ఒక డెబ్బై ఏళ్ళ పెద్దాయన పొద్దున్నే నేర్పుతున్నారంటే, ఆయన్ని వెతుక్కుంటూ వెళ్ళాల్సిన రోజులివి. మీకు ఇంటి పక్కనే ఉన్నారు.

కర్రసాములో ఒకరి మీద ఒకరు పడటం ఉండదు. కాళ్ళకి చెప్పులు వేసుకుని కూడా మొదటి పాఠాలు నేర్చుకోవచ్చు, షుగర్ ఉన్నవాళ్ళకి అది మేలు కదా. మొదట కర్రని ఒంటి ముందు ఎనిమిది అంకెలా తిప్పిస్తారు. పట్టు బిగించకూడదు. బొటనవేలు కర్ర వెంబడి ఉంటే మణికట్టు ఆడదు, చుట్టూ పట్టాలి, పిట్టని పట్టుకున్నట్టు. తిరుగుడంతా మణికట్టుది, భుజం ఊరికే వెంట వస్తుంది. అడుగు మాత్రం ముందుకి, వెనక్కి, పక్కకి, మూలకి, నాలుగు దిక్కులా పడుతుంది.

వరంగల్_ఫిజియో | జూన్ 12, ఉదయం 8:10

బొబ్బిలి అన్న చెప్పింది నాకు నచ్చింది. ఒక్క షరతు: మొదటి రెండు నెలలు కర్ర నడుముకీ ఛాతీకీ మధ్యే తిరగాలి. తలపైకి తిప్పడం భుజం పూర్తిగా లేచాకే. నాలుగు దిక్కుల అడుగులు మోకాలి పక్క కండరాలకి చాలా మంచివి.

రిటైర్డ్_హెడ్‌కానిస్టేబుల్ | జూన్ 12, మధ్యాహ్నం 1:00

ఆత్మరక్షణ కోసం అని ఎవరైనా ఇది చదువుతుంటే వాళ్ళకి ఒక మాట. ఏ విద్య ఎంత వచ్చినా, గొలుసు లాగేవాడితో, కత్తి చూపించేవాడితో తలపడకండి. ఇచ్చేసి, దూరం జరిగి, కేకలు వేసి, 112కి ఫోన్ చెయ్యండి. సర్వీసులో నేను చూసిన పెద్ద గాయాలన్నీ గొలుసు వదలనివాళ్ళవే. సాధన వల్ల వచ్చే ధైర్యం కాళ్ళు తడబడకుండా పక్కకి తప్పుకోవడానికి వాడండి.

కళరి_ఇష్టం | జూన్ 12, సాయంత్రం 6:35

కేరళలో మీనాక్షి అమ్మ గారు డెబ్బై దాటాక కూడా కళరిపయట్టు చేస్తూ వచ్చారు, 2017లో పద్మశ్రీ కూడా వచ్చింది. మాస్టారు అది ఆలోచించవచ్చు కదా?

బెజవాడ_అక్క | జూన్ 12, సాయంత్రం 7:10

ఆవిడంటే నాకు ప్రాణం. కానీ ఆవిడ ఏడేళ్ళ వయసులో మొదలుపెట్టారు. ఆ వంపులు, గెంతులు డెబ్బై ఏళ్ళుగా ఒంట్లో నాటుకున్నవి. ఆవిడని చూసి పట్టుదల నేర్చుకుందాం. ఆ భంగిమల్ని మాత్రం ఈ వయసులో ఒంటికి బలవంతాన రుద్దొద్దు. పైగా రాజమండ్రిలో మంచి కళరి గురువు దొరకడం కష్టం.

గోదారిగట్టు | జూన్ 23, రాత్రి 9:30

మీరు చెప్పినట్టే అన్నీ తిరిగి చూశాను. వివరంగా రాస్తాను, నాలాంటివాళ్ళకి పనికొస్తుంది.

డాక్టరు గ్లిమెపిరైడ్ మోతాదు తగ్గించి, పొద్దున సాధన ఉన్న రోజు ముందుగా ఒక అరటిపండు తినమన్నారు. పాదాల స్పర్శ బాగుంది. రెటీనా బాగుంది.

కరాటే క్లాసు చూశాను. నలభై మంది పిల్లలు, ఒక్కరే నేర్పేవారు. మంచి మనిషి, "చేరండి సార్, చివరి వరసలో నిలబడండి" అన్నారు. కానీ నా మోకాలు చూసే తీరిక ఆయనకి లేదు. అది ఆయన తప్పు కాదు. గంటసేపు అరుగు మీద కూర్చుని చూశాను. పదిహేనేళ్ళప్పుడు కిటికీలోంచి చూసిన అడుగులే. గుండె బరువెక్కింది. కాసేపు అలాగే కూర్చుండిపోయాను.

జూడో కోచ్‌తో మాట్లాడాను. ఉకెమి మాత్రం నేర్పుతానని, వారానికి ఒక రోజు హాలు ఖాళీగా ఉండే వేళ రమ్మని చెప్పారు. కుర్రాళ్ళు పట్టుకి పిలవకుండా చూసే పూచీ తనదన్నారు.

తర్వాతి రోజు పొద్దున్న ఐదున్నరకి రేవుకి వెళ్ళాను. పెద్దాయన అప్పటికే కర్ర తిప్పుతున్నారు. నన్ను చూసి ఆపలేదు. పది నిమిషాలు నిలబడ్డాను. ఆపాక నా వంక చూసి అడిగిన మొదటి మాట: "ఏ కాలు నొప్పి?" నేను ఏమీ చెప్పలేదు. ఇసుకలో నడిచి వస్తుంటే చూశారట. ఎడమ అన్నాను. "అయితే మనం కుడి నుంచి మొదలుపెడదాం" అన్నారు. ఇంకేం అడగలేదు, నేనూ ఇంకేం చెప్పలేదు. నేలకి దణ్ణం పెట్టించి కర్ర చేతికిచ్చారు.

ఫ్రీమాంట్_శారద | జూన్ 23, రాత్రి 11:00

చదివి కళ్ళు చెమర్చాయి మాస్టారూ. మీకు గురువు దొరికారు.

శేషగిరి_నెల్లూరు | జూన్ 24, ఉదయం 6:00

సంతోషమండీ. జాగ్రత్తగా చెయ్యండి. మీరు ఎలా ఉన్నారో రాస్తూ ఉండండి.

గోదారిగట్టు | సెప్టెంబర్ 14, రాత్రి 8:50

మూడు నెలలు కావస్తోంది. గోదావరికి వరద వచ్చిన రోజుల్లో రేవు మునిగితే గుడి మండపంలో చేశాం. వారానికి మూడు పొద్దులు కర్ర, ఒక సాయంత్రం ఉకెమి.

కర్ర ఎనిమిది అంకె మొదటి మూడు వారాలూ మోకాలికి తగులుతూనే ఉంది. గురువుగారు ఏమీ అనేవారు కాదు, వచ్చి నా బొటనవేలు మాత్రం మళ్ళీ చుట్టూ పెట్టి వెళ్ళేవారు. నాలుగో వారంలో ఒక పొద్దున్న గాలి కోస్తున్న చప్పుడు వినపడింది. మొదట ఆయన కర్రదే అనుకున్నాను. తల తిప్పి చూస్తే ఆయన కర్ర నేల మీద పెట్టి కూర్చుని నన్ను చూస్తున్నారు. ఆ చప్పుడు నాదే.

ఉకెమి గొంతుక్కూర్చుని దొర్లే దాకా వచ్చింది. నిలబడి ఇంకా లేదు, తొందర లేదు. కిందటి వారం కాలేజీ వరండాలో వాన నీటికి కాలు జారింది. పూర్తిగా పడలేదు. గడ్డం దానంతటదే ఛాతీకి వచ్చింది, కాలు పక్కకి పడి నిలదొక్కుకున్నాను. చేతిలో చాక్‌పీసు కూడా జారలేదు. పిల్లలెవరూ గమనించలేదు. నాకు మాత్రం క్లాసులో పది నిమిషాల దాకా మాట సరిగ్గా రాలేదు.

మోకాలు నొప్పి పోలేదు కానీ మెట్లు దిగడం నయం. భుజం తలదాకా లేస్తోంది. దసరాకి మా పేటలో కర్రల ప్రదర్శన ఉంటుందట, గురువుగారు నన్ను చివర్లో నిలబడమన్నారు, నడుము ఎత్తు తిప్పుళ్ళు మాత్రమే. మా ఆవిడ చూడ్డానికి వస్తానంది.

బొబ్బిలి అన్నా, మీకో ప్రశ్న. ఇప్పటి దాకా గురువుగారి కర్రతోనే చేస్తున్నాను. దసరాకి నా సొంత కర్ర కావాలి. ఎలాంటిది చూసుకోవాలి?

బొబ్బిలి_వాసి | సెప్టెంబర్ 15, ఉదయం 5:40

మాస్టారూ, చాలా సంతోషం. నిటారుగా నిలబడితే మీ కనుబొమ్మల ఎత్తుకి రావాలి. బోలు లేని గట్టి వెదురు చూడండి, కణుపులు దగ్గర దగ్గరగా ఉన్నది. పచ్చిది కొనొద్దు, ఆరాక వంకర పోతుంది. వేలి మీద మధ్యలో నిలబెట్టి చూడండి, రెండు వైపులా సమంగా తూగాలి. కణుపులు గరుకు కాగితంతో బాగా రుద్దండి, లేకపోతే అరచెయ్యి కోస్తుంది, షుగర్ ఉన్న చెయ్యి. తర్వాత నువ్వుల నూనె పట్టించి పది రోజులు నీడన ఉంచండి. ఎండలో పెడితే చీలుతుంది. ఇవాళే కొంటే దసరాకి సరిగ్గా సిద్ధమవుతుంది.